క్రిస్మస్ తాత ఊర్లో తద్దినం

సముద్రం దాటిన వంటవాడి చేతి అన్నం పితృదేవతలకు పనికిరాదట. ఈ మాట నాకు చెప్పినవాళ్ళలో సగం మంది నాతోపాటు అదే విమానంలో సముద్రం దాటినవాళ్ళే. అక్కడ మంచులో కూర్చుని నా చేతి చారు మూడుసార్లు అడిగి పోయించుకున్నవాళ్ళే.

నేను మడి వంటవాణ్ణి. తెల్లవారుజామునే స్నానం చేసి, ఎవరూ ముట్టకుండా ఆరేసిన పంచె కట్టుకుని, వంట ముగిసేదాకా ఎవరినీ తాకకుండా వండేవాణ్ణి. మా నాయన మంత్రాలయం చుట్టుపక్కల ఇళ్ళలో ఇదే పని చేసేవాడు. ఆయన పోయాక నేను ఆదోనికి వచ్చి పడ్డాను. ఊళ్ళో పదకొండు ఇళ్ళలో తద్దినం వంట నాదే. పోయిన పెద్దలకు ఏడాదికోసారి పెట్టే ఆ భోజనం పెళ్ళి వంట లాంటిది కాదు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఎండుమిరపకాయ బదులు మిరియాలు. బంగాళాదుంప, క్యారెట్టు, క్యాబేజీ ఆ రోజు గడప తొక్కవు. అన్నిటికన్నా కష్టం, వండేవాడు రుచి చూడకూడదు. ఉప్పు చేతి అందాజు మీదే పడాలి. రుచి చూడకుండా ఉప్పు సరిపెట్టడం ఒక్కటే మా నాయన నాకు ఇచ్చిన ఆస్తి. నాకు వేరే చదువు లేదు, పొలం లేదు.

ఆ పదకొండు ఇళ్ళలో ఒకటి రిటైరైన హెడ్మాస్టరుది. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఫిన్లాండు అని ఒక దేశముందప్పా. ఉత్తర ధ్రువం పక్కన. ఆడ క్రిస్మస్ తాత ఊరు అని ఒకటి కట్టినారు. ఏడాదంతా ఆడ క్రిస్మస్సే. ఇరవై రెండు మందిమి పోతాండాం. అందరూ మనోళ్ళే, ఆదోనోళ్ళు, ఎమ్మిగనూరోళ్ళు. ఆడ తినేకి ఏముంటుంది? చేపలు, దుప్పి మాంసం. నువ్వు రావల్ల."

"నేను సముద్రం దాటితే మళ్ళా నన్ను తద్దినాలకు పిలుస్తారా సార్?" అని అడిగాను. మొట్టమొదట నా నోట వచ్చిన మాట అదే. ఇప్పటికీ ఆ మాట అడిగినందుకు నన్ను నేను మెచ్చుకుంటాను. జవాబు నమ్మినందుకే తిట్టుకుంటాను.

"నేనుండా గదప్పా! వచ్చినాక మొదుట మా అమ్మ తద్దినానికే నిన్ను పిలుస్తా. నా ఇంట్లో నువ్వు వండినాక ఇంగెవడు కాదంటాడు?"

ఆయన వెళ్ళాక నా భార్య చాట పక్కన పెట్టి, "ఆయనకు ఏం జరిగినా పింఛను వస్తుంది. నీకు పిలుపు రాకుంటే ఏమొస్తుంది?" అంది. నేను వినలేదు. ఇందులో హెడ్మాస్టరు తప్పు ఎంత ఉందో నా ఆశ కూడా అంతే ఉంది. నలభై ఆరేళ్ళ వయసు వచ్చేదాకా ఈ ఎండల్లోనే పొయ్యి ముందు గడిపినవాడికి మంచు చూపిస్తానంటే ఎట్లా ఉంటుంది? ఒక్కసారైనా చలికి వణకాలనిపించింది. అంతే.

వణికాను. విమానం దిగిన గంటకే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. అద్దెకు ఇచ్చిన నైలాను సూట్లు తొడుక్కుని మా వాళ్ళందరూ ఉబ్బిపోయి, చేతులు పక్కకు చాపుకుని నడిచారు. పగలు పదకొండుకు చెట్ల వెనక నీలంగా కాస్త వెలుగు వస్తుంది, రెండు దాటేసరికి పోతుంది. సూర్యుడు చెట్లు దాటి పైకి రాడు. మధ్యాహ్నమైందని గడియారం చెప్పాలి తప్ప ఆకాశం చెప్పదు.

మమ్మల్ని చెక్క ఇళ్ళల్లో దింపారు. నా ఇంట్లో వంటగది ఉంది, మంట లేదు. నల్లటి గాజు పలక మీద గిన్నె పెడితే అదే వేడెక్కుతుంది. అగ్ని కనబడని పొయ్యి మీద నేను అంతవరకు వండలేదు. మొదటి రోజు పోపు వేయగానే ఇంటి కప్పుకు బిగించిన పొగ యంత్రం ఒకటి చెవులు చిల్లులు పడేట్టు అరిచింది. ఆ ఊరి మనిషి ఒకామె పరుగెత్తుకుని వచ్చి, ఆవాలు చిటపటలాడుతున్న బూర్లెమూకుడు వైపు చూసి, ఏదో అని, తలుపులన్నీ తెరిచి పోయింది. చలి లోపలికి వచ్చి కూర్చుంది.

క్రిస్మస్ పోయి రెండు రోజులైంది. అయినా ఆ ఊర్లో క్రిస్మస్ పోదు. చెట్లన్నిటికీ దీపాలు, ప్రతి స్తంభం మీద స్పీకరు, ప్రతి స్పీకరులో అవే గంటల పాటలు. క్షేత్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆ ఊరు అడుగు పెట్టగానే అర్థమైంది. మూలవిరాట్టు ఒకటి, దాని చుట్టూ క్యూ, క్యూ చుట్టూ అంగళ్ళు, అంగళ్ళ చుట్టూ లాడ్జీలు. మా వైపు కొబ్బరికాయలు, ఫోటోలు అమ్మితే అక్కడ ఎర్ర టోపీలు, ఉన్ని మేజోళ్ళు అమ్ముతారు. నేల మీద ఒక తెల్ల గీత గీసి, ఇక్కడి నుంచి ఉత్తర ధ్రువ మండలం అని రాశారు. మా వాళ్ళు ఆ గీత మీద నుంచి అటు దూకి, ఇటు దూకి ఫోటోలు తీసుకున్నారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు గీతకు దండం కూడా పెట్టారు.

క్రిస్మస్ తాత దర్శనానికి గంటన్నర నిలబడ్డాం. లోపల చెక్క గదిలో, ఎర్ర బట్టల్లో, ఒళ్ళో పడేంత తెల్ల గడ్డంతో పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేము ఎక్కడివాళ్ళమో తెలుసుకుని "నమస్తే" అన్నాడు. హెడ్మాస్టరు భార్య ముందుకు పోయి చటుక్కున ఆయన కాళ్ళకు మొక్కింది. ఆయన పాపం రెండు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. పెద్దవాడు, గడ్డమున్నవాడు, ఎత్తుపీట మీద కూర్చున్నవాడు కనబడితే మన వీపులు వాటంతట అవే వంగుతాయి, దానికి ఆమెను అనడానికి లేదు. నేను కూడా గది బయట బూట్లు విప్పబోయి చుట్టూ చూసి మానుకున్నాను. ఫోటోకు అందరూ సర్దుకుంటుంటే హెడ్మాస్టరు నా వైపు తిరిగి, "వంటాయనా, నువ్వు రోంత పక్కకు జరుగు. ఇది టూరోళ్ళ ఫోటో," అన్నాడు. జరిగాను. క్రిస్మస్ తాత నన్ను కూడా రమ్మని చెయ్యి ఊపాడు గానీ అప్పటికే ఫోటో అయిపోయింది.

మరుసటి రోజు సాయంత్రం హెడ్మాస్టరు నా వంటింట్లోకి వచ్చాడు. కాఫీ తాగాడు. ఇంకొకటి అడిగి తాగాడు. మూడోది కూడా తాగి అప్పుడు నోరు విప్పాడు.

"రేపు మా అమ్మ తద్దినమప్పా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మార్గశిర బహుళ తదియ. పదేళ్ళుగా నేనే వండుతున్నాను, నాకూ తట్టలేదు. అక్కడ సూర్యుడే లేడు, తిథి ఎట్లా గుర్తొస్తుంది? ఆయన చేసిన పొరపాటు ఏమంటే, ఎండాకాలంలో టికెట్లు కొనేటప్పుడు కిందటేడు తద్దినం ఏ తేదీన వచ్చిందో చూసుకుని, ఈ ఏడు కూడా డిసెంబరు రెండో వారంలో అయిపోతుందిలే అనుకున్నాడు. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చిన సంగతి మరిచాడు. అధిక మాసం వస్తే తిథులన్నీ దాదాపు ఇరవై రోజులు ఆలస్యంగా వస్తాయి. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి!

"ఎప్పుడు చూసుకున్నారు సార్?" అన్నాను.

ఆయన కాఫీ కప్పు వైపు చూశాడు. "దసరాకే తెలిసిందిలే. టికెట్లు వాపసు పోవంట. తమ్ముళ్ళు నా మీద లేసినారు. యాడున్నా పెట్టే పెడతా, వంటాయన్ను తీసుకపోతాండా అని చెప్పినా."

దసరా అయిన వారానికే ఆయన మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండు మందికి చారన్నం వండటానికి కాదు నన్ను తీసుకెళ్ళింది, ఈ ఒక్క పూట కోసం. ముందే చెప్పి ఉంటే నేను రాకపోదునేమో అని చెప్పలేదు. నా ఒళ్ళు మండింది. కానీ పోయిన తల్లి తిథి అని ఒక మనిషి ఎదురుగా నిలబడితే కోపం ఎక్కడ పెట్టుకోవాలి? సరే అన్నాను.

ఆయన ఆదోనిలో పురోహితుడికి ఫోను చేశాడు. స్పీకరులో నేనూ విన్నాను.

"పరదేశంలో పిండం వద్దు. అన్నం వండి, అమ్మను తల్సుకుని గోవుకు ఒక ముద్ద పెట్టండి."

"గోవులు యాడుండాయి స్వామీ? మంచు దుప్పులుండాయి, బండ్లు లాగుతాయి."

"కొమ్ములుండాయా?"

"చెట్టంత ఉండాయి."

"గడ్డి తింటాయా?"

"నాచు తింటాయంట."

"సరే, పెట్టండి."

తెల్లవారి స్నానం చేసి పంచె తడిపి, ఎవరి చెయ్యీ తగలకుండా వసారాలో కమ్మీ మీద ఆరేశాను. ఆదోనిలో అయితే అరగంటలో ఫెళఫెళమంటుంది. అక్కడ పది నిమిషాలకే అట్టలాగా బిగుసుకుపోయింది. విరుగుతుందేమోనని భయపడుతూ లోపలికి తెచ్చి, దులిపి, తడి తడిగానే కట్టుకున్నాను. పైన ఉన్ని శాలువా. ఉన్ని మడికి పనికొస్తుంది కాబట్టి బతికాను. ఆ ఊరి అంగట్లో ఉన్నవన్నీ తద్దినానికి పనికిరాని కూరలే: బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాబేజీలు. నా పెట్టెలో మిగిలిన అరటికాయలు, చేమదుంపలు, పెసరపప్పు, మినుములు, నువ్వులు, బెల్లంతో గట్టెక్కించాను. గారెలు, పరమాన్నం, మిరియాల చారు, అరటికాయ కూర. మంట కనబడని పొయ్యి పక్కన చిన్న దీపం వెలిగించుకున్నాను, నా తృప్తికి. ఉప్పు చెయ్యి చెప్పినంత వేశాను.

గడియారంలో మధ్యాహ్నం దాటాక హెడ్మాస్టరు, నేను దుప్పుల దొడ్డికి నడిచాం. తోలు బూట్లు మడికి కుదరవని నేను ఉన్ని మేజోళ్ళతోనే మంచులో నడిచాను. దుప్పులను చూసుకునే ఆమె మేము తెచ్చిన విస్తరాకులో ముద్ద చూసి తల అడ్డంగా ఊపింది. మాతో వచ్చిన టూరు కంపెనీ అమ్మాయి తర్జుమా చేసి చెప్పింది, అన్నం తింటే వాటికి కడుపు చెడుతుందట. ఇది ఈయన పోయిన అమ్మ కోసం అని చెప్పించాను. ఆమె ముఖం మెత్తబడింది గానీ ఒప్పుకోలేదు. తన పశువును కాపాడుకునే మనిషి మీద నాకు కోపం రాలేదు.

హెడ్మాస్టరు ముద్దను కంచె కట్టె మీద పెట్టి చేతులు జోడించాడు. ఒక బూడిద రంగు పిట్ట వచ్చింది. కాకి కాదు, కాకి కన్నా చిన్నది. వచ్చి రెండుసార్లు పొడిచింది. ముద్ద అప్పటికే రాయి అయిపోయింది. పిట్ట ఎగిరిపోయి కొమ్మ మీద కూర్చుంది. ఆ పెద్దమనిషి పసివాడి మాదిరి నా ముఖం చూశాడు. "ముట్టలేదప్పా," అన్నాడు.

నేను ఆ ముద్దను రెండు అరచేతుల్లోకి తీసుకున్నాను. చేతి తొడుగులు లేవు. ఒంటి వేడిమికి పొట్ట దగ్గర పెట్టుకుని, నోటితో ఊదకుండా, ఎంగిలి గాలి తగలకుండా, పిసుకుతూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. మెతుకులు విడివడ్డాక అరచేయి చాపాను. పిట్ట నేరుగా నా చేతి మీదికి వచ్చి వాలింది. తినింది. పిట్ట కాళ్ళకు అంత చిన్న గోళ్ళు ఉంటాయని నాకు తెలియదు.

హెడ్మాస్టరు బోరుమన్నాడు. "అమ్మ తినిందప్పా, అమ్మ తినింది," అంటూ నా రెండు చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ సాయంత్రం ఇరవై రెండు మందీ ఆ వంట తిన్నారు. పుట్టినప్పటి నుంచి ఇట్లాంటి తద్దినం చూడలేదన్నారు. నా కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెల్లబడి, తర్వాత నల్లబడి, చర్మం ఊడి కొత్తది రావడానికి నెల పట్టింది. అయినా ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. అబద్ధమెందుకు, మా నాయన చూసి ఉంటే బాగుండు అనుకున్నాను.

తిరిగి వచ్చాక హెడ్మాస్టరు ఇంట్లో సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం జరిగింది. అందరూ వరుసగా కూర్చుని పంచగవ్యం తాగారు, మగవాళ్ళు కొత్త జంధ్యాలు వేసుకున్నారు. నేనూ అదే వరుసలో కూర్చున్నాను, అదే చెంబులోది తాగాను. అందరితోపాటు నాకూ అయిపోయిందనుకున్నాను.

మాఘంలో రావాల్సిన పిలుపు రాలేదు. ఫోను చేస్తే, "ఈసారి వేరే ఆయనకు చెప్పినాంలేప్పా," అన్నారు. ఇంకో ఇంట్లో నీళ్ళు నమిలారు. మూడో ఇంటి ముసలమ్మ ఒక్కతే ముఖం మీద చెప్పింది. "నీ చేతి వంట మాకు ఇష్టమేనప్పా. పైనున్నోళ్ళు ఒప్పుకోవల్ల గదా." ఆ ఇంటి కొడుకు, కోడలు నాతోపాటు తెల్ల గీత దూకినవాళ్ళే. ఆ కొడుకే ఇప్పుడు మడి కట్టుకుని తండ్రికి తద్దినం పెడతాడు, దానికి అడ్డం లేదు. హెడ్మాస్టరుకు మూడుసార్లు ఫోను చేశాను. మీటింగులో ఉన్నానన్నాడు. రిటైరైన మనిషికి ఏం మీటింగులో.

ఎండాకాలం వచ్చేసరికి పదకొండు ఇళ్ళూ పోయాయి. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో చేరాను. రోజూ ఆదోని నుంచి మొదటి బస్సుకు పోయి బొరుగులతో ఉగ్గాని, బజ్జీలు చేస్తాను. జీవితంలో మొదటిసారి పని కోసం ఉల్లిపాయలు తరిగాను. ఇప్పుడు రుచి చూడొచ్చు, ఎవరూ కాదనరు. చూడబుద్ధి కాదు.

మళ్ళీ మార్గశిరం వచ్చింది. బహుళ విదియ నాడు నాకు సెలవు. హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చాడు, అదే కుర్చీలో కూర్చున్నాడు. రేపు వండటానికి రమ్మంటాడనే అనుకున్నాను. మనిషి ఆశ ఎంత సిగ్గులేనిదో నాకు ఆ రోజే తెలిసింది. లోపల పంచె ఎక్కడుందో కూడా ఆలోచించేశాను.

"ఏమనుకోవద్దప్పా. తమ్ముళ్ళు ఒప్పుకోలేదు. కొత్తాయన ఒకడు వస్తాండాడు, హొళగుంద దిక్కు వాడు. వంటొచ్చు గానీ చేతిలో పస లేదు." ఆగి, జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. "ఆ పొద్దు మంచులో నువ్వు వండినావే, అమ్మ తినిందే, అది యేమేమి ఎంతెంత ఏసినావో చెప్పు. నేనే రాసుకుంటా. నువ్వు రాస్తే నీ రాత అని తమ్ముళ్ళు గుర్తుపడ్తారు."

"మీరూ సముద్రం దాటినారు గదా సార్," అన్నాను. ఏడాదిగా మింగుతున్న మాట.

"తినేవానికి ప్రాయశ్చిత్తం ఉందప్పా. వండేవానికి యాడుంది?" అన్నాడు. పాఠం చెప్పినట్టే చెప్పాడు. "మిరియాలు ఎంత?"

నా భార్య కాఫీ తెచ్చి పెట్టింది. తద్దినం ముందురోజు బయట ఏమీ తీసుకోనన్నాడు. "మంచులో ఇదే పొద్దు మూడు తాగినారంట గదా సార్," అంది ఆమె. ఆయన వినబడనట్టు కాగితం వైపు చూశాడు.

చెప్పాను. మిరియాలు, నువ్వులు, బెల్లం, నెయ్యి, నానబెట్టే గడియలు. ఉప్పు ఒక్కటి తప్పు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఒక్క చిటికెడు. చెప్పలేకపోయాను, సరైనదే చెప్పాను. ఆయన రాసుకుని, పిల్లల కాపీ దిద్దినట్టు మొదటి నుంచి చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నా భార్య గ్లాసు తీస్తూ, "అన్నీ సరింగా చెప్పినావా?" అంది.

"చెప్పినా."

"ఎందుకు?"

"వాళ్ళమ్మ ఏం జేసింది పాపం," అన్నాను.

ఆమె గ్లాసు పట్టుకుని నా ముఖం కేసి చూసింది.

"నువ్వేం జేసినావు?" అంది.